మనసు బాగోలేని రోజుల్లో వ్యాయామం ఎలా మొదలుపెట్టాలి: ముందు చెప్పులు, తర్వాత గేటు, కొండ చివర్లో

తిరుపతిలో ఎవరికైనా మనసు బాగోలేదని తెలిస్తే ఇంట్లోవాళ్లు, చుట్టుపక్కలవాళ్లు ముందుగా చెప్పేది ఒకటే: "ఒకసారి కొండకు నడిచి పోయిరా, అంతా సర్దుకుంటుంది." చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెప్తారు. కానీ అలిపిరి మెట్లదారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. పక్క మీద నుంచి లేచి పళ్లు తోముకోవడానికే గంటసేపు తనతో తాను పోట్లాడుకునే మనిషికి అది మొదటి రోజు పని కాదు. సగంలో దిగివస్తే "నావల్ల ఏదీ కాదు" అనే నమ్మకానికి ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. పంతం పట్టి ఎక్కేస్తే నాలుగు రోజులు తొడలు పట్టేసి మంచం దిగబుద్ధి కాదు, ఐదో రోజు నడక సంగతే ఎత్తబుద్ధి కాదు.

అందుకే ఇక్కడ వరుస తలకిందులుగా ఉంటుంది. కొండ చివర్లో వస్తుంది, అదీ మీకు కావాలనిపిస్తేనే.

ఉత్సాహం కోసం ఎదురుచూడకండి

డిప్రెషన్‌లో దెబ్బతినే వాటిలో "ఈ పని చేస్తే బాగుంటుంది" అని ముందుగా అనిపించే శక్తి ఒకటి. నడిచి వస్తే కాస్త తేలిక పడతామని బుద్ధికి తెలుసు, ఒళ్లు మాత్రం నమ్మదు. బయటివాళ్ల కంటికి అది బద్ధకంలా కనపడుతుంది. బద్ధకం ఉన్నవాడికి పని ఎగ్గొట్టి పడుకుంటే హాయిగా ఉంటుంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి పడుకున్నా హాయి ఉండదు, పైగా పడుకున్నందుకు తప్పు చేసినట్టు అనిపిస్తుంది. తేడా అక్కడే తెలుస్తుంది.

మూడ్ వచ్చాక మొదలుపెడదాం అనుకుంటే ఆ రోజు రాదు. పని ముందు, కోరిక తర్వాత. మానసిక వైద్యంలో వాడే ఒక చికిత్సా పద్ధతికి ఇదే పునాది: చిన్న పనిని వేళ పెట్టుకుని చేయడం, చేశాక ఎలా ఉందో రాసుకోవడం. కాబట్టి కోరిక అవసరం లేనంత చిన్న పనిని ఎంచుకోవాలి. ఎంత చిన్నదంటే, ఎవరికైనా చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉండాలి.

మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాల్సినవి

తిండి మానేసి, పక్క దిగలేక, చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ముందు డాక్టరు, ఆ తర్వాతే నడక. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా దొరుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆలోచనలు చేతలదాకా వచ్చేలా ఉంటే ఒంటరిగా ఉండకండి, తోడు తీసుకుని నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

థైరాయిడ్, రక్తం శాతం, బి12 పరీక్షలు ఈ మధ్య చేయించుకోకపోతే ఒకసారి అడగండి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తగ్గినా ఒళ్లు బరువు, నీరసం, దిగులు అచ్చం ఇలాగే ఉంటాయి. గుండె జబ్బు, ఆస్తమా, గర్భం, షుగరుకు ఇన్సులిన్ ఉంటే ఎంత నడవొచ్చో ఆయన్నే అడిగి తేల్చుకోండి.

ఇక వాడే మందులు. వ్యాయామం చేయబోతున్నప్పుడు వీటి సంగతి తెలిసి ఉండాలి, చాలామందికి ఎవరూ చెప్పరు.

ఆందోళనకు ప్రొప్రనొలాల్ ఇస్తే గుండె వేగం పెద్దగా పెరగదు. చేతి వాచీ చూపించే అంకెను బట్టి "సరిపోలేదు" అని ఇంకా గట్టిగా నడిస్తే డస్సిపోతారు. వాచీ వదిలేసి ఊపిరిని చూసుకోండి: గోవింద నామం పలుకుతూ నడవగలగాలి, అన్నమయ్య కీర్తన ఎత్తుకుంటే మాత్రం ఊపిరి చాలకూడదు. అదే సరైన వేగం.

క్వెటియాపిన్, మిర్టాజపిన్, ఒలాంజపిన్ లాంటివి రాత్రి వేసుకుంటే పొద్దున మత్తు వదలదు. అలాంటివాళ్లు ఐదింటికి అలారం పెట్టుకోవడం దండగ, సాయంత్రం పెట్టుకోండి. అమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులతో లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు. పక్క మీద ఒక నిమిషం కూర్చుని ఆ తర్వాత లేవాలి.

లిథియం వాడేవాళ్లు మన ఎండల్లో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. చెమట ఎక్కువై ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. చేతుల వణుకు ఎక్కువ కావడం, వాంతులు, విరేచనాలు, తూలుడు, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా నడక మాటేమో గానీ ముందు ఆసుపత్రికి పోవాలి. నీళ్లు మానకండి, చెప్పాపెట్టకుండా ఉప్పు తగ్గించకండి.

నడక కుదురుకుంది కదా అని మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. మందు మానేస్తే జబ్బు చాలాసార్లు వెంటనే కనపడదు, కొన్ని వారాల తర్వాత తిరగబెడుతుంది. అప్పుడు తప్పు నడకదేమో అనిపిస్తుంది.

మొదటి వారం: గేటు దాకా

రాత్రి పడుకునే ముందు చెప్పులో బూట్లో గుమ్మం దగ్గర బయటివైపు తిప్పి పెట్టండి. వేసుకుని బయటికి వెళ్లగలిగే బట్టలతోనే పడుకోండి. రెండూ వింతగా అనిపించవచ్చు. కానీ డిప్రెషన్‌లో మనిషి ఆగిపోయేది నడకలో కాదు, నడకకు ముందుండే పది చిన్న నిర్ణయాల్లో. ఏ ప్యాంటు, బూట్లు ఎక్కడ, తాళం ఎవరి దగ్గర, ఎటు పోవాలి... ఒక్కొక్కటీ ఒక మెట్టు. ఆ మెట్లు రాత్రే ఎక్కేసి ఉంచాలి.

వేళ గడియారానికి కట్టకండి, రోజూ ఎలాగూ జరిగే పనికి కట్టండి. "ఆరింటికి" అంటే ఆరూ అయిదుకే ఆ రోజు పోయినట్టు లెక్క. "సాయంత్రం కాఫీ గ్లాసు తొట్లో పెట్టగానే" అంటే ఏ వేళకైనా జరుగుతుంది.

పని ఇది: చెప్పులు వేసుకోవాలి, గేటు దాకా వెళ్లాలి, ఒక నిమిషం నిలబడాలి, వెనక్కి రావాలి. అపార్ట్‌మెంటు అయితే మెట్ల కింద దాకా. మొత్తం రెండు మూడు నిమిషాలు. ఏడు రోజులూ ఇంతే.

మూడో రోజుకో నాలుగో రోజుకో కాస్త బాగుంటుంది. "ఇంతేనా, లీలామహల్ సెంటర్ దాకా పోయొస్తా" అనిపిస్తుంది. పోకండి. ఎక్కువమంది జారిపడేది ఈ మంచి రోజునే. బాగున్న రోజు నలభై నిమిషాలు నడిస్తే మరుసటి రోజు ఒళ్లు నొప్పులు, దానితో మానేయడం, మానేసినందుకు కుమిలిపోవడం, వారం గ్యాప్. బాగున్న రోజుకు పైన కప్పు ఉండాలి, బాగోలేని రోజుకు కింద నేల ఉండాలి. మొదటివారం రెండూ ఒకటే: గేటు.

గోడ మీద క్యాలెండర్ ఉంటుంది కదా, దానికి ఒక పెన్ను దారంతో కట్టండి. బయటికి వెళ్లేముందు మనసెలా ఉందో 0 నుంచి 10 లోపు ఒక అంకె, తిరిగొచ్చాక ఇంకో అంకె, ఆ తేదీ గడిలోనే వేయండి. 3, 3. మరుసటి రోజు 2, 4. ఇంకో రోజు 3, 2 కూడా వస్తుంది, అదీ రాయండి. ఇది ఎందుకంటే, దిగులులో ఉన్న మనసు బాగున్న అరగంటను గుర్తు పెట్టుకోదు. "ఎన్ని రోజులు నడిచినా ఏం లాభం లేదు" అని ధైర్యంగా అబద్ధం చెబుతుంది. గడుల్లో అంకెలుంటే దాని మాట మీద ఆధారపడక్కర్లేదు.

రెండో వారం నుంచి

ఏడింట్లో ఐదు రోజులు చేయగలిగితేనే తర్వాతి మెట్టు. చేయలేకపోతే అదే వారాన్ని మళ్లీ చేయడమే, ఇందులో ఫెయిలవడం ఏమీ లేదు.

రెండో వారం: మూడు నిమిషాలు వెళ్లడం, మూడు నిమిషాలు రావడం. మూడు, నాలుగు వారాలు: మొత్తం పది నిమిషాలు. అక్కడి నుంచి వారానికి రెండు మూడు నిమిషాలు కలుపుకుంటూ పోతే పన్నెండు వారాల ప్రాంతంలో అరగంటకు చేరతారు. అరగంట చొప్పున ఐదు రోజులంటే 150 నిమిషాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి చెప్పే కనీసం అదే. అయితే అదే సంస్థ 2020 మార్గదర్శకాల్లో అసలు చేయకపోవడం కన్నా ఎంత కొంచెమైనా మేలేనని కూడా చెప్పింది. 150 అంకెను మొదటి నెల తలుచుకోకండి.

ఒక నడకతో ఆందోళన కాసేపు సద్దుమణగడం కొందరికి ఆ రోజే తెలుస్తుంది. దిగులు తగ్గడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ముందుగా నిద్ర, ఆకలి మారవచ్చు. క్యాలెండర్‌లో వాటినీ ఓ కంట కనిపెట్టండి.

గుండె దడదడలాడితే

ఆందోళన ఉన్నవాళ్లు వ్యాయామం మానేయడానికి అసలు కారణం చాలాసార్లు బద్ధకమూ కాదు, టైమూ కాదు. వేగంగా నడిస్తే గుండె కొట్టుకుంటుంది, ఊపిరి పెరుగుతుంది, చెమట పడుతుంది. పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం) వచ్చినప్పుడూ అచ్చం ఇవే. మెదడు ఒకదాన్ని చూసి ఇంకోటనుకుంటుంది. ఒకసారి నడిరోడ్డు మీద అలా అయితే ఇక ఆ రోడ్డు మొహం చూడరు.

దీన్ని ఇంట్లోనే విప్పుకోవాలి. కుర్చీ పక్కన నిలబడి, ఉన్నచోటే ముప్పై సెకన్లు మోకాళ్లు ఎత్తుతూ కవాతు చేయండి. కూర్చోండి. మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నాడి చూస్తూ, గడియారం చూస్తూ ఊరికే ఉండండి. ఆపే ప్రయత్నం చేయొద్దు, దేవుణ్ణి తలుచుకోవడం, నీళ్లు తాగడం కూడా వద్దు. రెండు మూడు నిమిషాల్లో నాడి దానంతటదే నెమ్మదిస్తుంది. మళ్లీ ముప్పై సెకన్లు. ఇలా మూడుసార్లు. రెండు మూడు రోజులకు ముప్పై సెకన్లను నిమిషం చేయండి. పెరిగిన గుండె మనమేమీ చేయకపోయినా దిగుతుందని ఒళ్లు తనకు తాను నేర్చుకోవాలి, మనం వంద సార్లు చెప్పినా వినదు.

బయట ఉన్నప్పుడు దడ మొదలైతే టక్కున ఆగిపోకండి. వేగం సగానికి తగ్గించి నడుస్తూనే ఉండండి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి, ఆ కళ్లు తిరగడాన్ని మళ్లీ పానిక్ అనుకుంటారు. ముక్కుతో నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలండి. పానిక్ సాధారణంగా పది నిమిషాల్లోపే పతాక స్థాయికి చేరి దిగడం మొదలుపెడుతుంది. ప్రతి నడక చివర మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా నడిచే అలవాటు ఉంటే సగం గొడవ తప్పుతుంది.

ఇవి మాత్రం పానిక్ అని సరిపెట్టుకోకండి: ఛాతీ మధ్యలో బరువుగా నొక్కినట్టుండి నొప్పి చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం, కూర్చున్నా తగ్గని ఆయాసం. వెంటనే 108.

ఇంకో చిన్న సంగతి, చాలామంది పట్టించుకోనిది. ఫిల్టర్ కాఫీ తాగి వెంటనే నడకకు బయల్దేరితే దడ సగం కాఫీదే. కాఫీ తిరిగొచ్చాక పెట్టుకోండి, మొదటి వారం చెప్పిన కాఫీ గ్లాసు గుర్తును వేరే పనికి మార్చుకోండి. ఖాళీ కడుపుతో వెళ్లినా కళ్లు తిరుగుతాయి. అర గ్లాసు రాగి అంబలి, లేదంటే సగం అరటిపండు చాలు.

ఎక్కడ, ఏ వేళ

మొదటి నెల ఇంటి చుట్టూ ఉండే వీధులే మేలు. ఎటు చూసినా ఇంటికి మూడు నిమిషాల్లో తిరిగిరాగల చుట్టు ఒకటి చూసుకుని, దాన్నే మళ్లీ మళ్లీ తిరగండి. ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్ చెట్ల నీడతో బాగుంటుంది, కపిల తీర్థం వైపూ బాగుంటుంది, కానీ పొద్దున నడిచేవాళ్లు ఎక్కువ, తెలిసినవాళ్లు తగులుతారు. ఆందోళన ఉన్న మనిషికి నడక కన్నా ఆ పలకరింపు బరువు. జవాబు ముందే సిద్ధం చేసుకోండి. "ఏం ఈమధ్య కనపడ్డం లేదే?" అంటే "ఒంట్లో నలతగా ఉండింది, ఇప్పుడు పర్వాలేదు, వస్తా" అని కాళ్లు ఆపకుండా చెప్పేయాలి. అద్దం ముందు రెండుసార్లు పలికి చూసుకోండి, నోరు తిరుగుతుంది.

డిప్రెషన్‌లో చాలామందికి పొద్దున్నే అన్నిటికన్నా బరువుగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ తేలిక పడుతుంది. "తెల్లవారుజామున నడిస్తేనే ఫలితం" అనే మాట వాళ్లు పట్టించుకోనక్కర్లేదు. కానీ తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఉదయం ఏడులోపు, లేకపోతే పొద్దుగూకాక. వేసవిలో రాత్రి ఎనిమిదింటికి మిద్దె మీద నడవడం అన్నిటికన్నా సులువు: జనం లేరు, గేటు దాటక్కర్లేదు, గాలి ఆడుతుంది. అయితే చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నవాళ్లు మిద్దె మీద ఒంటరిగా నడవకూడదు. ఇంట్లోవాళ్లూ ఇది గుర్తుంచుకోవాలి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు వానలు. వాన మానేయడానికి సాకయ్యే లోపు ఇంటి లోపలి పని ఒకటి నేర్చుకుని ఉండాలి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, అంచున కూర్చోండి. పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి పెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముందుకు వంగి లేవండి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మనసులో మూడు లెక్కపెడుతూ కిందికి దిగండి. ఐదుసార్లు. మోకాలు నొప్పిస్తే కింద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. తర్వాత గోడకు మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి ఎనిమిది దండీలు. మొత్తం నాలుగు నిమిషాలు. ఇది నడక కింద లెక్కే, క్యాలెండర్‌లో అంకెలు వేయండి.

ఇంట్లోవాళ్లకు

"ఎంతసేపు పడుకోనుంటావు నాయినా, లేసి అట్లా తిరిగి రాకూడదా" అనే మాట ప్రేమతోనే వస్తుంది. వినేవాళ్లకు మాత్రం తీర్పులా వినపడుతుంది. దానికి బదులు "కరివేపాకు తెస్తా, రెండు నిమిషాలు తోడు రా" అనండి. రానంటే మీరు వెళ్లిరండి, మొహం మాడ్చుకోకండి, మరుసటి రోజు మళ్లీ అడగండి. నడిచొచ్చాక చప్పట్లు కూడా వద్దు, పసిపిల్లలకు కొట్టినట్టు ఉంటుంది. "నడిచావా లేదా" అని రోజూ లెక్క అడగొద్దు, గోడ మీద క్యాలెండర్ ఉంది కదా.

ఒక మార్పు మాత్రం గమనించండి. ఇన్నాళ్లూ లేవలేని మనిషి ఉన్నట్టుండి మూడు నాలుగు గంటలే నిద్రపోయి, అలసట లేకుండా గంటలకొద్దీ నడుస్తూ, గడగడా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడుతుంటే అది కోలుకోవడం కాకపోవచ్చు. ఆ వారంలోనే డాక్టరుకు చెప్పాలి.

తప్పిపోయినప్పుడు

తప్పిపోతుంది. జ్వరం వస్తుంది, పెళ్లి వస్తుంది, లేదా ఏ కారణమూ లేకుండా పది రోజులు పోతాయి. మూడు రోజుల లోపు తప్పితే ఆపిన చోటు నుంచే. వారం దాటితే ఆపిన దాంట్లో సగం నుంచి. నెల దాటితే మళ్లీ గేటు నుంచి, కానీ ఈసారి వారం అక్కర్లేదు, రెండు రోజులు చాలు. పోయిన రోజులకు పరిహారంగా డబుల్ నడవకండి. ఖాళీ గడుల్లో సున్నాలు వేయొద్దు, ఖాళీగానే ఉంచండి.

కొండ సంగతి

అరగంట నడక నెలరోజులు నిలకడగా సాగాక, కొండ నడిచి ఎక్కాలని ఉంటే ఇక ఆలోచించవచ్చు. ముందు రెండు మూడు వారాలు ఇంటి మెట్లు రోజుకు నాలుగైదు సార్లు ఎక్కి దిగండి. సాదా రోడ్డు నడకకు మెట్లకు వాడే బలం వేరు.

శ్రీవారి మెట్టు దూరం తక్కువ, రెండు కిలోమీటర్ల పైచిలుకు, 2,388 మెట్లు. తక్కువ దూరమంటే నిటారు ఎక్కువ, దడకు భయపడేవాళ్లకు మొదటిసారి అది వద్దు. అలిపిరి పొడుగు, కానీ మధ్యలో ఊపిరి తీసుకునే చోట్లు ఉన్నాయి. దాని కష్టమంతా మొదట్లోనూ చివర్లోనూ ఉంటుంది: పాదాల మండపం నుంచి గాలిగోపురం దాకా మెట్ల మీద మెట్లు, తర్వాత చాలాదూరం దాదాపు సమతలం, చివర్లో మోకాళ్ల పర్వతం. గాలిగోపురం లోపు దడ వస్తే అది జబ్బు తిరగబెట్టడం కాదు, ఆ మెట్లు అందరికీ అంతే. యాభై మెట్లకోసారి ఆగి, పక్కకు జరిగి, నిలబడే ఊపిరి తీసుకోండి. పరుగులు పెట్టే కుర్రాళ్లను చూసి వేగం పెంచకండి. నాలుగు గంటలు పట్టినా ఎవరూ అడగరు. చిరుతల కారణంగా మెట్లదారి వేళలు, గుంపులుగా వెళ్లాలనే నియమాలు మారుతుంటాయి కాబట్టి ముందురోజే కనుక్కుని, ఒంటరిగా కాకుండా వెళ్లండి. రోజువారీ మాత్రలు, నీళ్లసీసా చేతిసంచిలోనే ఉంచుకోండి, లగేజీ కౌంటర్‌లో ఇచ్చేయకండి.

దిగడానికి బస్సెక్కండి. ఎక్కడం కన్నా దిగడమే తొడ కండరాలను ఎక్కువ దెబ్బతీస్తుంది. అయినా మరుసటి రోజు, ఆపై రోజు తొడలు పట్టేసి ఉంటాయి, మూడు నాలుగు రోజుల్లో వదులుతాయి. ఆ రోజుల్లో లెక్క మళ్లీ చెప్పులు, గేటు, ఒక నిమిషం.